ఫోను చాలదు, బల్ల మీద వంతు కావాలి

ఇంట్లో మూడు కంప్యూటర్లు ఉంటాయి. వాటికి మానిటర్ ఒకటే, కీబోర్డు ఒకటే, మౌసు ఒకటే. మనుషులేమో నలుగురు. ఆ నలుగురిలో ఒక్క మనిషికి మాత్రం "నీకు ఫోను చాలు కదా" అని మిగతా వాళ్ళంతా కలిసి తీర్మానం చేసేస్తారు. ఆ మనిషి ఎవరో నేను చెప్పనక్కరలేదు. ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది ఆ మనిషే అయ్యుంటారు.

ఆ తీర్మానం తప్పు అని ఈ రోజు కాస్త గట్టిగానే చెప్పదలుచుకున్నాను. కోపమొస్తే మధ్యలో మానేయకండి, చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

"తలా ఒక బల్ల వేసుకోరాదా, గొడవే ఉండదు" అని మా ఆడబిడ్డ అంటుంది. ఆమెది హన్మకొండలో మూడు పడక గదుల ఫ్లాటు, అంటుంది మరి. మాది ఖిలా వరంగల్. కోట లోపల ఇల్లంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ పక్కన ఒక గది లేపుకుందామంటే కుదరదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు. అది దాటాక ఇంకో 200 మీటర్ల దాకా కట్టాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. పాతదానికి మరమ్మతు చేసుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే. కీర్తి తోరణాలు, ఖుష్ మహల్ చెక్కుచెదరకుండా ఉండాలని నాకూ ఉంది, ఆ చట్టంతో నాకు తగువు లేదు. మాకు ఉన్నది రెండు గదులు, ఒక వరండా, ఒక బల్ల అని చెప్పడానికే ఇదంతా. ఇక్కడ ఇల్లు పెరగదు, ఇంట్లోకి వచ్చే సామాను మాత్రం పెరుగుతూ ఉంటుంది.

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయంట్, టెక్ మహీంద్రా తెరుచుకున్నప్పుడు ఓరుగల్లుకు కూడా ఐటీ వచ్చిందని ఊరంతా సంబరపడింది. మూడు నెలలు తిరగకుండానే మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఆఫీసు మా మంచం పక్కకే వచ్చి కూర్చుంది. ఆ సెప్టెంబరు 1 నుంచి బడి కూడా ఇంట్లోకే వచ్చింది, యాదగిరి ఛానల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు. మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి. మా అబ్బాయి ఇంటర్‌కొచ్చాక పోరు పెట్టి కొనిపించుకున్న సీపీయూ ఒకటి. పన్నెండేళ్ళ కిందటి పాత సీపీయూ ఒకటి, అది నాది. "నాది" అంటే, మిగతా ఇద్దరికీ అక్కరలేనిది అని అర్థం. మనకు "నీది" అని ఇచ్చేవన్నీ చాలావరకు అట్లాంటివే కదా.

ఒక్క బల్ల మీద మూడింటినీ ఎట్లా నడపాలి? దీనికి కె.వి.ఎం. స్విచ్ అని ఒక పెట్టె దొరుకుతుంది. కె అంటే కీబోర్డు, వి అంటే వీడియో, ఎం అంటే మౌసు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఒక వైపు మానిటర్, కీబోర్డు, మౌసు తగిలిస్తాం. ఇంకో వైపు రెండో, నాలుగో కంప్యూటర్ల వైర్లు తగిలిస్తాం. బటన్ నొక్కితే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారుతుంది. కొన్నింట్లో కీబోర్డు మీదే స్క్రోల్ లాక్ మీటను రెండుసార్లు కొడితే చాలు. మేం నాలుగు దారులది కొన్నాం, నాలుగు వేల లోపే అయింది. నాలుగు వైపులా తోరణాలు, మధ్యలో స్వయంభూ గుడి ఉన్న ఊళ్ళో ఉంటూ ఈ పెట్టె నాకు అర్థం కాదంటే నవ్వుతారు.

ఇది అసలు ఇళ్ళ కోసం పుట్టింది కాదు. పెద్ద పెద్ద సర్వర్ గదుల్లో అరల నిండా కంప్యూటర్లు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో తెర, ఒక్కో కీబోర్డు పెట్టాలంటే చోటూ చాలదు, డబ్బూ చాలదు. అందుకని ఒక్క తెర ముందు ఒక్క మనిషి కూర్చుని అన్నింటినీ చూసుకునేటట్టు చేశారు. ఆ మనిషిని అడ్మినిస్ట్రేటర్ అంటారు. గమనించండి, అక్కడ యంత్రాలు చాలా, మనిషి ఒక్కడు. మన ఇళ్ళల్లో యంత్రాలు చాలా, మనుషులూ చాలామంది. పెట్టె మాత్రం అదే. కాబట్టి ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన మరుక్షణం ఒక ప్రశ్న కూడా వస్తుంది, ఇక్కడ అడ్మినిస్ట్రేటర్ ఎవరు? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు. అడగకపోతే జవాబు దానంతటదే తయారవుతుంది. మా ఇంట్లో ఒకటో నంబరు మా ఆయనది, రెండోది మా అబ్బాయిది, మూడోది నాది. ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు, "అట్ల వచ్చింది".

ఇప్పుడు "ఫోను చాలు" అనే మాటకు వద్దాం.

నేను తెలుగులో బి.ఏ. చేశాను. హన్మకొండలో పుస్తకాలు అచ్చు వేయించే ఒకాయన దగ్గర నుంచి ప్రూఫులు దిద్దే పని తెచ్చుకుంటాను. పేజీకి ఇంత అని ఇస్తారు, ఎక్కువేం కాదు, కానీ నా చేతికి నా పేరు మీద వచ్చే డబ్బు అదొక్కటే. ఆ ఫైళ్ళు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో వస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో, అయినా తెలుగు అచ్చు పని ఇంకా చాలాచోట్ల దాని మీదే నడుస్తోంది. ఆ ఫైలు ఫోనులో తెరుచుకోదు. అందులోని ముక్క తెచ్చి ఫోనులో పెట్టినా తెలుగు కనిపించదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపి చల్లినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే అవి యూనికోడ్ ఫాంట్లు కావు, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే అవి తెలుగు. నాకు ఫోను చాలు అన్నవాళ్ళు ఈ ఒక్క ఫైలు ఫోనులో తెరిచి చూపించాలి.

సరే, అందరూ ప్రూఫులు దిద్దరు. మీ సంగతి తీసుకోండి. పిల్లవాడి స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఒక పక్క ఆధార్ కాపీ, ఒక పక్క మెమో, మధ్యలో ఫారం కనిపించాలి. ఫోనులో ఒకటి చూసి వెనక్కి వచ్చేసరికి ఫారం ఖాళీ అయి కూర్చుంటుంది. ఫోటో ఇన్ని కేబీల లోపే ఉండాలంటుంది. చివరికి మీసేవకు పోయి, ఎవరో ఒక అబ్బాయి చేతికి మన ఓటీపీలన్నీ ఇచ్చి వస్తాం. మహిళా సంఘం లెక్కలు రాసే అక్కలు పది నెలల పట్టికను అరచేతంత తెర మీద అటూ ఇటూ జరుపుతూ కళ్ళు పోగొట్టుకుంటున్నారు. కుట్టు పని చేసేవాళ్ళు బిల్లు, కేటరింగ్ చేసేవాళ్ళు సరుకుల జాబితా... ఇవన్నీ ఫోనులో అవుతాయి, కాదనను. రోకట్లో దంచినా పిండి అవుతుంది. మిక్సీ ఎందుకు కొన్నాం మరి?

ఫోను చూడటానికి మంచిది, తయారుచేయడానికి కాదు. ఎవరో రాసింది చదవడం, ఎవరో తీసిన వీడియో చూడటం, ఎవరో పెట్టిన ఫోటోకు దండం పెట్టడం, వీటికి అది బాగా పనికొస్తుంది. "నీకు ఫోను చాలు" అనే మాటకు అసలు అర్థం "నువ్వు చూస్తే చాలు, చేయనక్కరలేదు" అని. నాకు ఒళ్ళు మండేది అందుకే.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21లో జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్నవాళ్ళు నూటికి 26.5 మంది. మగవాళ్ళలో 57.4. ఇది ఫోనుతో కలిపి చెప్పిన లెక్క. సొంతంగా ఒక కంప్యూటర్ ముందు, తలుపు దగ్గరికి వేసుకుని, గంటసేపు కూర్చున్నవాళ్ళ లెక్క తీస్తే ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి.

ఇక రెండో శత్రువు. "ఖాళీగా ఉన్నప్పుడు కూర్చో, ఎవరు వద్దన్నరు?"

ఎవరూ వద్దనలేదు. నిజమే. మా ఆయన మంచి మనిషి, నా మీద ఎప్పుడూ గొంతు పెంచరు. అందుకే ఈ ఖాళీ అనే మాట ఇంకా ప్రమాదం. గొంతు పెంచితే ఎదురు మాట్లాడొచ్చు. "ఖాళీ ఉన్నప్పుడు" అంటే ఏమని ఎదురు మాట్లాడతాం? 2019లో కేంద్ర గణాంక శాఖవాళ్ళు దేశమంతా తిరిగి ఎవరు రోజుకు ఎంతసేపు ఏ పని చేస్తున్నారో రాసుకున్నారు. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళకు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పోతున్నాయని అప్పుడు తేలింది. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళకు 97 నిమిషాలు. చెయ్యి పెట్టేవాళ్ళకు సుమా! అసలు పెట్టనివాళ్ళు ఆ లెక్కలోకే రారు. మన ఖాళీ ఎటు పోతోందో ఆ రెండు అంకెల మధ్య కనిపిస్తుంది.

పైగా బల్ల ఖాళీ, నేను ఖాళీ, ఈ రెండు ఖాళీలూ ఒకే సమయానికి రావాలి. పొద్దున్నే నేను వంటలో ఉన్నప్పుడు బల్ల ఖాళీ. పదకొండుకు నా చెయ్యి ఆరేసరికి మా ఆయన మీటింగు. నాలుగింటికి ఆయన టీకి లేస్తే మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి కూర్చుంటాడు. "అమ్మా, ఒక్క పది నిమిషాలు ఆగరాదే, గేమ్ మధ్యల ఉన్నది, ఆపితే అందరు తిడ్తరు" అంటాడు. వాడు మధ్యలో ఆపితే ఎక్కడో ఉన్న నలుగురు తిడతారట. నేను మధ్యలో ఆపిన పేజీకి తిట్టేవాళ్ళు లేరు కాబట్టి అది ఎన్నిసార్లయినా ఆగొచ్చు.

ఇక్కడే ఆ పెట్టె గురించి మనం తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఉంది. చాలామంది ఆడవాళ్ళు దాని జోలికి పోకపోవడానికి కారణం భయం. "నేను నొక్కితే ఆయన పని పోతుందేమో." పోదు. పెట్టె కంప్యూటర్‌ను ఆపదు, మూసేయదు. కళ్ళూ చేతులూ మాత్రమే ఒకదాని నుంచి ఇంకోదానికి మారతాయి. ఆయన ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ అయ్యేది అవుతూనే ఉంటుంది. మీటింగులో మాటలు హెడ్‌ఫోను నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టుకుంటే వినిపిస్తూనే ఉంటాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా మనం పక్క గదిలోకి పోయి బట్టలు మడతపెట్టడం లేదూ? అంతే. తిరిగి ఒకటో నంబరు నొక్కితే వదిలిన చోటే, వదిలిన అక్షరం దగ్గరే ఉంటుంది.

ఇంకో మాట, ఇది నా ముఖ్యమైన వాదన. ల్యాప్‌టాప్‌కు సొంత తెర ఉంది, సొంత కీబోర్డు ఉంది, బ్యాటరీ ఉంది. అది మంచం మీద బతుకుతుంది, వరండాలో బతుకుతుంది, అత్తమ్మ పూజ గది ముందు కూడా బతుకుతుంది. సీపీయూ డబ్బా అట్లా కాదు. దానికి ఆ బల్ల మీది తెర తప్ప వేరే కళ్ళు లేవు. కాబట్టి బల్ల మీద మొదటి హక్కు ఎవరికి? వేరే దారి లేనివాళ్ళకా, ఉన్నవాళ్ళకా? మా ఇంట్లో ఈ మాట నేను అన్న రోజు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా ఆయన, "పెద్ద తెర మీద ఎక్సెల్ మంచిగ కనవడ్తది గదా" అన్నారు. కనబడుతుంది. నాకు కూడా ఒత్తులు పెద్ద తెర మీదే మంచిగా కనబడతాయి. 'ద'కు 'ధ'కు తేడా చూడటం నా పని, చత్వారం వచ్చిన కళ్ళతో.

వాళ్ళ వైపు నిజాలు లేవని కాదు. ఉన్నాయి, ఒప్పుకోవాలి. తక్కువ రకం పెట్టెల్లో మనం మూడో నంబరుకు మారగానే, ల్యాప్‌టాప్ తనకు తగిలించిన తెర ఊడిపోయిందనుకుంటుంది. దాని మీద ఓ పద్ధతిలో పరిచి పెట్టుకున్న కిటికీలన్నీ చిన్న తెర మీదికి వచ్చి కుప్ప పడతాయి. తిరిగి వచ్చాక సర్దుకోవాలి. మా ఆయన చిరాకు అదే, అది న్యాయమైన చిరాకే. కానీ దానికి మందు నన్ను లేపడం కాదు. తెర ఇంకా తగిలించే ఉందని కంప్యూటర్‌ను నమ్మించే ఏర్పాటు ఉన్న పెట్టెలు దొరుకుతాయి, కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి. మారేటప్పుడు తెర రెండు మూడు క్షణాలు నల్లబడుతుంది, దానికి కంగారు పడొద్దు. నా పాత సీపీయూకు ఉన్నది పాత వీజీఏ పిన్ను, పెట్టెకేమో హెచ్.డి.ఎం.ఐ. దానికి మధ్యలో ఒక చిన్న కన్వర్టర్ పెట్టాం. ఇది కూడా "నీదానికి కుదరదంట" అన్న మాటతోనే ముగిసేది, నేను చౌరస్తాలో షాపుకు పోయి అడగకపోతే.

"ఆఫీసు రహస్యాలు నీ కంప్యూటర్లకు పోతయ్" అని ఇంకో అభ్యంతరం. మామూలు పెట్టె ఫైళ్ళు మోయదు, మీటలు కొట్టినదాన్నీ బొమ్మనూ మోస్తుంది, అంతే. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కూడా ఉన్న పెట్టె అయితే ఆ పెన్‌డ్రైవ్ మనతోపాటు మారుతుంది, కాబట్టి దాన్ని అక్కడ పెట్టి మరిచిపోవద్దు. కొన్ని కంపెనీలు ఆఫీసు యంత్రానికి బయటి వస్తువులు తగిలించనివ్వవు. అట్లాంటప్పుడు ఒకటే దారి, ల్యాప్‌టాప్‌ను పెట్టెలోంచి తీసి విడిగా పెట్టుకోవాలి. మన సీపీయూను కాదు.

మా ఆడబిడ్డ కొడుకు పెట్టె ఎందుకు, సాఫ్ట్‌వేర్ చాలన్నాడు. మైక్రోసాఫ్ట్‌వాళ్ళది మౌస్ వితౌట్ బార్డర్స్ అని ఉంది, ఒక్క మౌసు, ఒక్క కీబోర్డుతో నాలుగు కంప్యూటర్లదాకా నడపొచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మంచిదే, కానీ దానికి ప్రతి కంప్యూటర్‌కు దాని తెర దానికి ఉండాలి. తెర ఒక్కటే ఉన్న ఇంటికి అది పనికిరాదు. ఇంకోటి, దూరం నుంచే ఒక కంప్యూటర్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసే పద్ధతి. నా సీపీయూను మా ఆయన ల్యాప్‌టాప్‌లోంచి తెరిచి పని చేసుకోవచ్చట. అంటే నా బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉన్నట్టు. ఆయన ల్యాప్‌టాప్ హైదరాబాద్ పోయిన రోజు నా కంప్యూటర్ కూడా హైదరాబాద్ పోయినట్టే. వద్దు బాబూ.

"మానిటర్లు చవకైపోయాయి, ఇంకోటి కొనుక్కో" అనేవాళ్ళకు కూడా ఒక మాట. కొంటే ఎక్కడ పెడతారో నాకు తెలుసు. వంటింట్లో గ్రైండరు పక్కన, పోపు చిటపటల మధ్య. పైగా కొత్తది వాళ్ళ బల్ల మీదికి వెళ్ళి, అంచు పగిలిన పాతది నాకు వస్తుంది. నాకు కొత్త వస్తువు వద్దు. ఉన్న బల్ల మీద వంతు కావాలి.

కీబోర్డు పంచుకోవడంలో ఒక తమాషా ఉంది, అది చెప్పకుండా ఉండలేను. పెట్టె మీటల నొక్కుడును మాత్రమే అందిస్తుంది, భాష ఏ కంప్యూటర్‌ది ఆ కంప్యూటర్‌దే. అదే మీట ఒకటో నంబరులో ఇంగ్లీషు, మూడో నంబరులో తెలుగు. నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొడతాను, ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. ఎంత చక్కని ఏర్పాటో. రెండు చేతులూ మద్దెల మీద పడ్డట్టు పడతాయి. మా అబ్బాయి ఆటల్లో డబ్ల్యూ, ఎ, ఎస్, డి అనే నాలుగు మీటలే వాడతాడు, అటూ ఇటూ పరుగెత్తడానికి. ఆ నాలుగూ నాకు ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. వాడు వాటిని కొట్టి కొట్టి అరగదీశాడు. పొల్లు గట్టిగా నొక్కితే గానీ పడటం లేదు. ఒత్తు పడని తెలుగు ఎట్లా ఉంటుందో ఊహించండి, అమ్మ కాస్తా "అమమ" అవుతుంది!

ఇంకో సంగతి. నా సీపీయూ తెరవగానే పైన మా ఆయన పేరు వచ్చేది. పన్నెండేళ్ళ కింద కొన్నప్పుడు పెట్టిన పేరు, ఎవరూ మార్చలేదు. మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో, 13వ శతాబ్దంలో, ఒక ఆడమనిషి ఈ కోటను ఏలింది. రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో చెక్కారు. సింహాసనం మీద కూర్చున్నదానికే మగ పేరు తగిలించాల్సి వచ్చింది, ఆ కాలం అట్లాంటిది అనుకుందాం. పాత సీపీయూకు కూడానా? సెట్టింగ్స్‌లోకి పోయి పేరు మార్చాను, అయిదు నిమిషాల పని. పాస్‌వర్డ్ కూడా మార్చాను. "ఎందుకు, మేమేం దొంగలమా?" అని మా ఆయన కొంచెం నొచ్చుకున్నారు. దొంగలు కాదు. ఆయన ఏటీఎం పిన్ను నాకు చెప్పలేదని నేనెప్పుడూ ఆయన్ను దొంగ అనలేదు కదా.

"ఇంట్లో చదువుకునే పిల్లాడు, సంపాదించే మనిషి ఉండగా నీ వంతు ఏంది" అని మా అత్తమ్మ అడిగింది. ఆమెకు జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఆమెకు జీవితంలో ఎవరూ ఏ వంతూ ఇవ్వలేదు. బి.ఏ.లో చదువుకున్న ఒక మాట చెప్పాను. భండారు అచ్చమాంబ 1902లో "ధనత్రయోదశి" కథ రాసింది. ఆమె బడికి పోలేదు, చిన్నప్పుడే పెళ్ళి చేశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, అతనితోపాటు కూర్చుని నేర్చుకుంది. మగపిల్లాడి చదువు పక్కనే కాస్త చోటు దొరికితే ఒక రచయిత్రి తయారైంది. ఆ చోటు దొరకని అక్కలు ఎంతమంది పోయి ఉంటారు? అత్తమ్మ ఏమీ అనలేదు. కానీ తర్వాత రోజు మూడింటికి మా అబ్బాయి ఆమెను మాత్ర కోసం నన్ను పిలవమంటే, "అది పని చేస్కుంటున్నది, నువ్వే తే" అంది. నేను విన్నాను, విననట్టు ఉన్నాను.

చివరికి మా ఇంట్లో జరిగిన ఏర్పాటు ఇది. నచ్చితే మీరూ చేసుకోండి. వంతు అనేది నోటిమాటగా ఉండకూడదు, గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి ఉండాలి, గంటలతో సహా. "ఖాళీగా ఉన్నప్పుడు" అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా రాయకూడదు. ఆయన మీటింగులు ముందే తెలుస్తాయి, పరీక్షల తేదీలు ముందే తెలుస్తాయి, కాబట్టి వాటిని బట్టి నా గంటలు జరగొచ్చు, కానీ తగ్గకూడదు. నా గంటల్లో ల్యాప్‌టాప్ మంచం మీద పని చేస్తుంది. నేను కూర్చున్నప్పుడు ఎవరైనా వెనక నిలబడి "ఇంకెంతసేపు" అని అడగడం నిషేధం. మా అబ్బాయి ఇది రాసేటప్పుడు నవ్వాడు, కానీ రాసింది వాడే.

పెట్టె కొనేటప్పుడు, బటన్ విడిగా పొడుగు వైరుతో వచ్చేది తీసుకోండి. పెట్టె మీదే బటన్ ఉంటే అది మానిటర్ వెనక, వైర్ల గుంపులో, పొడుగు చేతులవాళ్ళకే అందుతుంది. మాది విడి బటన్, రెండు వైపులా అంటుకునే టేపుతో బల్ల అంచుకు అంటించాను, నేను కుర్చీలో కూర్చుంటే నా ఎడమ చేతికి తగిలేటట్టు. వైర్లన్నింటికీ కాగితం ముక్కలు చుట్టి ఏది ఎవరిదో రాశాను, ఎందుకంటే "పొరపాటున నీది ఊడింది" అనే మాట నాకు మళ్ళీ వినాలని లేదు. నంబర్లు కూడా మార్చాం. ఒకటి ఇప్పుడు నాది. పెట్టె కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒకటో నంబరు దగ్గరే తెరుచుకుంటుంది. మా దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలుసు.

మూడు నుంచి అయిదున్నర దాకా నా వంతు. ఇప్పుడు అయిదుంబావు అయింది. ఇంకో పదిహేను నిమిషాలున్నాయి, నాలుగు పేజీల ప్రూఫు మిగిలింది, అది చూసుకోవాలి. మీ ఇంట్లో బటన్ ఎవరి చేతి దగ్గర ఉందో కింద రాయండి, రేపు నా వంతులో చదువుతాను.